ఇంటికి మిగలని ఓపిక

మా అమ్మాయి గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రిసెప్షన్ దగ్గర పనిచేస్తుంది. ఆస్పత్రికి సరదాగా వచ్చేవాళ్ళెవరూ ఉండరు కనుక మా అమ్మాయి బల్ల ముందు నిలబడేవాళ్ళంతా ఏదో ఒక కోపంతోనే నిలబడతారు. డాక్టరుగారు ఇంకా రాలేదని ఒకరు, మా వెనకొచ్చినవాళ్ళని ముందెలా పంపారని ఒకరు. అందరికీ అది నవ్వుతూ, "కూర్చోండి సార్, పిలుస్తానండి" అని చెప్పాలి. కిందటి నెల నేను వాళ్ళింట్లో ఉండగా ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చింది. చెప్పులైనా విడవకముందే మనవరాలు ఎదురెళ్ళి, తాను గీసిన ఏనుగు బొమ్మ చూడమని చున్నీ పట్టుకుని లాగింది. మా అమ్మాయి ఆ కాగితం లాక్కుని ఉండచుట్టి మూలకి విసిరేసింది. పిల్ల ఏడవలేదు. వెళ్ళి ఆ ఉండ తెచ్చుకుని, నేలమీద పరిచి, అరచేత్తో మెల్లగా సాపు చేయడం మొదలుపెట్టింది. అది చూసి తల్లే కూలబడి ఏడ్చింది. "పొద్దున్నుంచి ఎవరెన్ని మాటలన్నా పల్లెత్తు మాట అనలేదమ్మా. దీని దగ్గరకొచ్చేసరికి నాకేమైందో నాకే తెలీట్లేదు" అంది. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏనుగుకు తోక గీశాను. కానీ మనసు మాత్రం మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

మా అమ్మ సువార్తమ్మ పోయి ఏడాది కావస్తోంది. మాది అద్దంకి వైపు పోయే రోడ్డు మీద ఒక చిన్న ఊరు. మా పేట ఊరి చివర, చర్చిని ఆనుకుని ఉండేది. నాకు ఊహ తెలుస్తుండగా మా నాన్నకూ మా తమ్ముడు దానియేలుకూ ఒకేసారి విషజ్వరం వచ్చింది. తమ్ముడు లేచి తిరిగాడు, నాన్న లేవలేదు. అప్పటినుంచి ఇంట్లో నాయనమ్మ, అమ్మ, మేమిద్దరం. అమ్మ కూలికి పోతేనే పొయ్యి వెలిగేది. ఏడాదిలో ఎక్కువ కాలం పత్తి తీతలు, కలుపులు ఉండేవి. ఎండలు ముదిరేసరికి ఊరి బయట ఒక వ్యాపారిగారి షెడ్డులో మిరపకాయల పని మొదలయ్యేది. ఎండిన కాయలు గుట్టలుగా పోసి, చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, ఒక్కొక్క కాయకూ ముచ్చిక తుంచి, తెల్లబడిన తాలుకాయలు ఒక పక్కకి, ఎర్రటి మంచి కాయలు ఒక పక్కకి వేయాలి. సాయంత్రానికి వాటిని గోతాల్లో తొక్కి గుంటూరు యార్డుకు లారీ ఎక్కించేవాళ్ళు. ఆ కాలం వస్తే మా ఇంట్లో దుప్పట్లూ, అమ్మ జుట్టూ, ఆఖరికి బైబిలు అట్టా కూడా మిరపకాయ వాసనే కొట్టేవి.

ఆ పని చూసినవాళ్ళు కష్టమంతా చేతుల మంటలో ఉందనుకుంటారు. సెలవుల్లో ఒకసారి అమ్మతో వెళ్ళి కూర్చున్నాను కనుక నాకు తెలుసు, అసలు కష్టం మొహం తాకకుండా ఉండటంలో ఉంది. ముక్కుకూ నోటికీ అడ్డంగా కొంగు చుట్టుకుంటే లోపల చెమట కారుతుంది. ముక్కు చివర జిలపుడుతుంది. కంట్లోకి చెమట దిగుతుంది. చెయ్యి తనంతట తానే పైకి లేస్తుంది, దాన్ని దించాలి. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ దించాలి. చేతులు గుట్ట మీద పనిచేస్తుంటే మనసు చేతులకు కాపలా కాస్తూ కూర్చోవాలి. ఒక్క క్షణం ఏమరుపాటుగా కన్ను నలుపుకున్నామా, ఆ పూటంతా గుడ్డిదానిలా తడుముకోవాల్సిందే. నేను సగం పూటకే లేచి బయటికి పరిగెత్తాను. అమ్మ అలా కూర్చుని పొద్దు వాలేదాకా లేచేది కాదు.

దానికి తోడు మేస్త్రి. ఆయన నోటికి మిరపకాయ కూడా దణ్ణం పెట్టేది. తాలుకాయ ఒకటి మంచి గుట్టలో కనపడితే చాలు, అది ఎవరు వేశారో చూడకుండా దగ్గరున్నదాన్ని పట్టుకుని, దాని పుట్టినిల్లు మెట్టినిల్లు కలిపి తిట్టేవాడు. ఎదురు చెప్పినదానికి మర్నాడు పిలుపు ఉండదు. అమ్మ ఎప్పుడూ తల వంచుకునే, "అలాగేనండి, మళ్ళీ ఏరతానండి" అనేది. కొంగు అంచు పైనుంచి కనపడే కళ్ళలో కూడా ఏ కోపమూ ఉండేది కాదట. వ్యాపారిగారి భార్య తన ఇంట్లో ఏ పనిబడినా అమ్మనే రమ్మనేది, నెమ్మదైన మనిషని. చర్చిలో పాస్టరుగారు ఒక ఆదివారం సహనం గురించి వాక్యం చెబుతూ, "ఎక్కడో వెతకడమెందుకు, మన సువార్తమ్మగారిని చూడండి" అన్నారు. ఆడవాళ్ళంతా వెనక్కి తిరిగి మెచ్చుకోలుగా చూశారు. మా తమ్ముడు నా జబ్బ గిల్లి చెవిలో, "అక్కా, ఆయన చెప్పేది పగటి అమ్మ గురించి. సాయంత్రం అమ్మని ఆయన చూళ్ళేదు" అన్నాడు. నవ్వు ఆపుకోలేక ఇద్దరం బెంచీ కింద తలలు దూర్చాం.

సాయంత్రం అమ్మ సంగతి మాకే తెలుసు. గ్లాసు చప్పుడైనా ఉలిక్కిపడేది. పలక మీద అక్షరం వంకరపోయినా వీపు మోగేది. ఎందుకు కొట్టిందో అడిగితే దానికి ఇంకొకటి పడేది. అయితే ఇంట్లో నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ దెబ్బలు మాదాకా ఎక్కువగా రాలేదు. నాయనమ్మ మధ్యాహ్నమే ఊళ్ళోకి వెళ్ళి, ఆసాముల ఇంట్లో చిలికిన మజ్జిగ అడిగి తెచ్చేది. వాళ్ళు పైనుంచి పోస్తే కింద చెంబు పట్టుకునేది. అమ్మ రాగానే ఎవరి మొహమూ చూడకుండా నేరుగా దొడ్డి గుమ్మం దాటి వెళ్ళి, మెట్టు మీద కూర్చుని, మజ్జిగ పోసిన పళ్ళెంలో చేతులు రెండూ ముంచేది. వెంటనే నాయనమ్మ చేట తెచ్చుకుని గుమ్మానికి అడ్డంగా బైఠాయించేది. ఆ చేటలో ఏరడానికి ఏదో ఒకటి ఉండేది, చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. "అమ్మా" అంటూ వెళ్ళామా, "మీ అమ్మ చేతులు ఇంకా చల్లబడలేదు. అడిగేవేవో అన్నం తిన్నాక అడగండి" అని వెనక్కి తోసేది.

వాళ్ళిద్దరూ ఒకరికొకరు ప్రాణం పెట్టుకున్న అత్తాకోడళ్ళేమీ కాదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కట్టెల ఖర్చుదాకా రోజూ ఏదో ఒక రుసరుస ఉండేది. కానీ ఆ కాసేపు మాత్రం నాయనమ్మ నోరు మెదిపేది కాదు, మమ్మల్ని మెదపనిచ్చేది కాదు. తానూ పడుచుతనంలో పొగాకు కాల్చే బేరన్లలో పనిచేసిన మనిషి. బయట నోరు కట్టుకుని వచ్చిన ఆడది ఇంట్లో అడుగుపెట్టగానే మనిషి కాదని, మనిషి కావడానికి కొంచెంసేపు పడుతుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మాట పైకి అనకుండా అమ్మ చేతుల మీద పెట్టి చెప్పేది. మెల్లగా దొడ్లోంచి, "ఏరా దానీ, తిన్నావా?" అని అమ్మ గొంతు వినపడేది. అప్పుడు నాయనమ్మ చేట తీసుకుని పక్కకి జరిగేది. తమ్ముడు వెళ్ళి అమ్మ వీపు మీద వాలిపోయేవాడు. వాడికి అమ్మంటే అంత పిచ్చి.

నేను టీచరు ట్రైనింగులో చేరిన ఏడాది నాయనమ్మ పోయింది. అమ్మ మాత్రం మజ్జిగ తనే తెచ్చుకుని, తనే పోసుకుని, అదే మెట్టు మీద కూర్చునేది. గుమ్మంలో ఎవరూ లేరు. ఆ వేసవి నేను సెలవులకి వచ్చి ఉన్నాను. తమ్ముడు పదో తరగతి పరీక్షలు రాశాడు. వాడు పాసవుతాడని ఇంట్లోనే కాదు, బళ్ళో కూడా ఎవరికీ ఆశ లేదు. లెక్కలంటే వాడికి చలిజ్వరం వచ్చేది. అలాంటిది, సాయంత్రం టీకొట్టు దగ్గర పేపర్లో వాడి నంబరు కనపడింది. రోడ్డు మీంచి ఇంటిదాకా ఒక్క పరుగున వచ్చాడు. నాకు చెప్పడానికి కూడా ఆగలేదు, నన్ను దాటుకుని దొడ్లోకి దూసుకుపోయాడు. "అమ్మా, నంబరు పడిందే. నేను పాసయ్యానే" అంటూ అమ్మ చేతులు రెండూ పట్టుకుని పైకి లేపబోయాడు. పళ్ళెం బోర్లాపడి మజ్జిగంతా మట్టిపాలైంది.

ఆ రోజు షెడ్డులో ఏం జరిగిందో తర్వాత పక్కింటి పిన్ని చెప్పింది. ఎవరో కలిపిన తాలుకి మేస్త్రి అమ్మను అందరిముందూ లేపి నిలబెట్టాడట. మొగుణ్ణి మింగినదానికి కాయలో తేడా ఏం తెలుస్తుందని అన్నాడట. అమ్మ అప్పుడు కూడా, "అలాగేనండి" అని కూర్చుని, గుట్టంతా మొదటినుంచీ ఏరిందట. మాకు అప్పటికి అవేవీ తెలియవు. కిందపడిన పళ్ళెం కేసి చూసి, అమ్మ తల ఎత్తి తమ్ముడి మొహంలోకి చూసింది. కేకలు వేయలేదు. చాలా మామూలు గొంతుతో, "పోవాల్సినోడివి నువ్వు ఉండిపోయావు. ఉండాల్సినాయన పోయాడు" అంది. తమ్ముడు వంగి పళ్ళెం తీసి కడిగి, బోర్లించి, లోపలికి వెళ్ళిపోయాడు. అమ్మ ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని చీకటి పడేదాకా లేవలేదు.

వాడు గొడవపడి ఉంటే బాగుండేదని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. గొడవపడలేదు. పై చదువు వద్దని, చీమకుర్తిలో గ్రానైటు కోసే చోట మా పేటవాళ్ళు ఎవరో ఉంటే వాళ్ళతో వెళ్ళిపోయాడు. అక్కడే పెళ్ళి చేసుకున్నాడు, అక్కడే ముసలివాడయ్యాడు. క్రిస్మస్‌కి వచ్చేవాడు, అమ్మకి చీర తెచ్చేవాడు, పెట్టింది తినేవాడు, అడిగినదానికి బదులు చెప్పేవాడు. ఒక్కనాడూ విసుక్కోలేదు. అమ్మా అని పిలవడం మాత్రం మానేశాడు. ఏదైనా కావాలంటే నా వైపు తిరిగి, "అక్కా, అడిగి చెప్పు" అనేవాడు. అమ్మ వాడికిష్టమని ఎండుమిరపకాయల గోంగూర నూరి, చీమకుర్తి పోయే రాళ్ళ లారీ డ్రైవర్ల చేతికిచ్చి పంపేది. ఖాళీ సీసా కడిగి తిరిగి పంపేవాడు. అమ్మ ఆ సీసా మూత తీసి వాసన చూసి లోపల పెట్టుకునేది. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఎంత బుద్ధిమంతుడైన కొడుకని వాణ్ణి మెచ్చుకునేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి ఉండబట్టలేక వాణ్ణి నిలదీశాను. "అలిసిపోయి వచ్చి ఏదో అంది. ఎన్నేళ్ళు మోస్తావురా దాన్ని?" అన్నాను. "అమ్మకి ఓపిక లేకపోతే లేదనుకునేవాణ్ణి అక్కా. ఓపిక ఉంది. తిట్టే మేస్త్రికిచ్చింది, ఆ వ్యాపారి పెళ్ళానికిచ్చింది, చర్చిలో అందరికీ ఇచ్చింది. ఒక్క నా దగ్గరే లేదు" అన్నాడు. ఇదే మాట మెల్లగా మార్చి అమ్మ దగ్గర అన్నప్పుడు అమ్మ కాదనలేదు. "పొద్దున్నుంచి అందరికీ పెట్టీ పెట్టీ ఇంటికొచ్చేసరికి నా దగ్గర నేనే ఉండేదాన్ని కాదు రూతమ్మా. ఆ మేస్త్రిగాడిని అనాల్సింది వాడికి తగిలింది" అంది. ఆ సంగతేదో వాడితో చెప్పొచ్చుగా అంటే, "ఏ మొహం పెట్టుకుని చెప్పను? తల్లి నోట్లోంచి వచ్చేసింది, అయిపోయింది" అని లేచి వెళ్ళిపోయింది. ఇద్దరిదీ ఒకటే మొండితనం. మధ్యలో నా జీవితం ఇటు మాట అటు మోయడానికే సరిపోయింది.

ఎంత మంచి మనిషికైనా ఓపిక కూడా తిండిలాగే రోజూ వండుకోవాల్సిన వస్తువని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. పొద్దున్న వండింది ఊరందరికీ వడ్డించి వస్తే, ఇంట్లోవాళ్ళ కంచంలో అడుగంటిన మాడే పడుతుంది. మా ఊళ్ళో ఇప్పుడు ముచ్చికలు తీయడానికి చేతికి తొడుగులిస్తున్నారు, షెడ్డులో ఫ్యాన్లు పెట్టారు. ఆ మేస్త్రి లాంటి మాటలు ఇప్పుడంటే ఆడపిల్లలు ఊరుకోరు కూడా. అంతవరకూ బాగుపడ్డాం, కాదనను. కానీ మా అమ్మాయి ఏసీ గదిలో కూర్చుని, చేతికి ఏ మంటా లేకుండా, అమ్మ చేసిన పనే చేస్తోంది. రోజంతా తన చెయ్యి తనే పట్టుకుని కూర్చుంటోంది. చేతులు మండితే నాయనమ్మ లాంటిది చూసి గుర్తుపట్టేది. ఇప్పుడు దాని మొహంలో నవ్వే కనిపిస్తుంది గనుక, అలిసిపోయిందని అల్లుడికీ తెలియదు, పిల్లకి అసలే తెలియదు. ఫ్లాటు తలుపు తీయగానే హాలు, హాల్లో అందరూ. ఒంటరిగా కూర్చోవడానికి దొడ్డి మెట్టు కూడా లేదు.

అమ్మ ఆఖరి రోజుల్లో నా దగ్గరే ఉంది. ముందు పేర్లు మర్చిపోయింది, తర్వాత మొహాలు. నన్ను మాత్రం గుర్తుపట్టేది, కొన్నిసార్లు నాయనమ్మ అనుకుని భయపడేది. తమ్ముడికి కబురు పెడితే చీమకుర్తి నుంచి వచ్చాడు. రాతి దుమ్ము పీల్చీ పీల్చీ వాడి దగ్గు వీధి మొదట్లోనే వినపడింది. నెరిసిన జుట్టు, బుగ్గలు పీక్కుపోయిన మొహం. మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎన్నేళ్ళ తర్వాతో, "అమ్మా" అన్నాడు. అమ్మ చప్పున కొంగు సర్దుకుని లేచి కూర్చుంది.

"రండి బాబూ, కూర్చోండి. ఎండనపడి వచ్చినట్టున్నారు. రూతమ్మా, వారికి మంచినీళ్ళివ్వు" అంది.

అది పగటి అమ్మ గొంతు. షెడ్డులోనూ చర్చిలోనూ తప్ప మా ఇంట్లో ఎప్పుడూ వినపడనిది. మెత్తగా, నెమ్మదిగా, ఎంతసేపైనా ఓర్చుకునేలా ఉంది. నేను, "అమ్మా, వాడు" అని చెప్పబోతే తమ్ముడు చేత్తో వద్దన్నాడు. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"ఏ ఊరండి?" అంది అమ్మ.

"చీమకుర్తండి."

"మావాడు కూడా అటే ఎక్కడో ఉన్నాడండి. దానియేలని. పదో తరగతి పాసయ్యాడు. ఎవరూ పాసవుతాడనుకోలేదు, లెక్కల్లో కూడా పాసయ్యాడు." అమ్మ మొహమంతా వెలిగిపోయింది. ఆ సాయంత్రం వాడు పరిగెత్తుకొచ్చింది ఈ మొహం చూడటానికే. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ముందుకు వంగింది. "మీకు కనపడితే ఒక మాట చెబుతారా బాబూ? పని నుంచి వచ్చేసరికి నాకు ఒళ్ళు తెలీదు. ఏదో అనేశాను. అది వాణ్ణి అన్నది కాదు. మనసులో పెట్టుకోవద్దని చెప్పండి. మీరు పెద్దమనిషిలా ఉన్నారు, మీరు చెబితే వింటాడు."

తమ్ముడు నీళ్ళ గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. దగ్గు తెర వస్తే ఆపుకున్నాడు. "చెప్తానండి" అన్నాడు.

బస్టాపు దాకా వాడితో వెళ్ళాను. అద్దంకి బస్సు కనపడ్డాక, "నన్ను మీరు అని పిలిచిందక్కా" అన్నాడు. "ఒక్కసారి ఏరా అని ఉంటే, తిట్టినా సరే..." అని ఆపేశాడు. కండువాతో మొహం తుడుచుకుని బస్సెక్కాడు. కిటికీలోంచి నా వైపు చూడలేదు.

నేను ఇంటికి తిరిగొచ్చేసరికి అమ్మ మంచం మీద అలాగే కూర్చుని గుమ్మం వైపు చూస్తోంది.

"ఆ వచ్చినాయన చెప్పాడా మావాడికి?" అని అడిగింది.

"చెప్పాడమ్మా."

"ఏమన్నాడు?"

"సరేనన్నాడు. మనసులో ఏమీ లేదన్నాడు."

అమ్మ కాసేపు నా మొహంలోకి చూసింది. అంత స్పష్టంగా ఆ మధ్యకాలంలో ఎప్పుడూ చూడలేదు. తర్వాత మెల్లగా గోడవైపు తిరిగి పడుకుంది.

"పైకి అలాగే అంటాడు" అంది. "నా కొడుకు కదా."